మోటరు ఆపాక చూసే మనిషి

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పే అలవాటు నాకు లేదు. మా వాకిట్లో నాలుగు చినుకులు పడితే భూపాలపల్లి బజారు మునిగిందని చెప్పే రకాన్ని. నా భార్య నా మాటను చేటలో పోసి చెరిగి, పొట్టంతా ఊదేసి, మిగిలిన నాలుగు గింజలే లోపలికి తీసుకుంటుంది. మీరూ ఆ చేట పట్టుకునే కూర్చోండి. నిన్న మధ్యాహ్నం నా మోటర్ల దుకాణం ఎదుట ఖాళీ జాగాలో బోరు బండి దిగింది. ఆ చప్పుడుకు దుకాణంలో బోల్టులన్నీ వాటంతటవే విడిపోయాయి. లేచిన రాతి పొడి నా చాయ్‌లో పడి, చాయ్ కాస్తా సిమెంటై, చెంచా అందులో నిలబడిపోయింది. కాసేపటికి తడిసిన రాయి వాసన వచ్చింది. వానకు తడిసిన మట్టి వాసనలాంటిది కాదది. పుట్టినప్పటి నుంచీ గాలి తగలని రాయి మొదటిసారి గాలి పీల్చినట్టు, కొంచెం తుప్పుగా, కొంచెం చల్లగా ఉంటుంది. నీళ్ళు ఎగజిమ్మాయి. జనం చప్పట్లు కొట్టారు. "రెండించులు! రెండించులు!" అని ధార మందం చూసి అరిచారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే చొక్కా జేబులో పెన్సిలు వెతికింది. అక్కడ ఇప్పుడు ఒక మనిషి ఉండి, చెయ్యి పైకెత్తి, "ఇగ ఆపుండ్రి. ఆపినంక చూద్దాం," అనాలి. ఆ మనిషి సాంబయ్య సార్. ఆయన లేడు. చప్పట్లు ఆగలేదు.

మీరు ఆయన్ను చూడలేదు కాబట్టి చెబుతాను. గార్ల అనే ఊరి మనిషి. ఎముకల మీద చర్మం కప్పడానికి దేవుడు పిసినారితనం చేసిన దేహం. ఆయన స్కూటరు ఎంత పాతదంటే, చక్రం కనిపెట్టినవాడు మొదట దాని మీదే సరిచూసుకుని ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు కోస్తాలో నూనె బావుల దగ్గర పని చేశాడు. అక్కడ ఆయన పని నూనె తీయడం కాదు, బావిని పరీక్షించడం. కొంతకాలం నూనె పారనిచ్చి, తర్వాత బావి నోరు బిగించేసి, లోపల ఒత్తిడి మళ్ళీ ఎంత వేగంగా పుంజుకుంటుందో గంటల తరబడి, రోజుల తరబడి కొలవడం. ఆ కొలతలు గీతగా గీస్తే, కంటికి కనబడని రాతి కడుపులో నూనె ఎంత దూరం పరుచుకుని ఉందో, రాయి దాన్ని సులువుగా వదులుతుందో బిగబట్టుకుంటుందో, పక్కన ఎక్కడైనా గోడలాంటి అడ్డం ఉందో తెలుస్తుందట. ఆ కొలువు అయిపోయాక గార్లకు తిరిగొచ్చి, అదే విద్యను నీళ్ళ బోర్ల మీద పెట్టాడు. మహబూబాబాద్, జనగామ వైపు ఊళ్ళలో ఎక్కడ ఊరికోసం బోరు వేసినా, అది ఎంతకాలం నిలుస్తుందో తేల్చి కాగితం రాసివ్వడం ఆయన పని.

నేను ఆయన్ను మొదటిసారి చూసింది మా ఊరు కొడకండ్లలో, మా చెల్కలో, అంటే మెట్టపొలంలో. మా నాయిన బోరు వేయించాడు. నీళ్ళు మా ఇంటిపైకప్పుకంటే ఎత్తు లేచాయి. (లేచింది నడుమెత్తు. చేట పట్టుకున్నారు కదా.) మా నాయిన వరి నాటేస్తానని అప్పటికే మడులు కలలో కట్టేసుకున్నాడు. ఎవరో చెబితే సాంబయ్య సార్ వచ్చాడు. రోజంతా మోటరు నడిపించి, మర్నాడు పొద్దున్నే ఆపమన్నాడు.

"నీళ్ళు గింత బలంగ పోస్తుంటే ఆపుమంటవేంది సారూ?" అన్నాడు మా నాయిన.

"పోయేటియి అందరు చూస్తరు పటేలా. వచ్చేటియి చూడాలె," అన్నాడాయన.

తర్వాత చేసింది నాకు పిచ్చిపనిలా కనిపించింది. బోరు గొట్టం పక్కన ముక్కాలి పీట వేసుకుని, చుట్ట తీగ ఒకటి లోపలికి వదిలాడు. తీగ కొస నీటిని తాకగానే పైన చిన్న బల్బు వెలుగుతుంది. తీగ మీద అడుగుల గుర్తులు. మొదట నిమిషానికోసారి, తర్వాత ఐదు నిమిషాలకోసారి, తర్వాత అరగంటకోసారి బల్బు వెలిగించడం, కాగితం మీద అంకె వేయడం. పొద్దుగూకేదాకా అదే. ఎండ ఎంత చిక్కగా ఉందంటే కొడవలితో కోసి మోపు కట్టుకోవచ్చు. ఆయన కదలలేదు. చివరికి లేచి, "రోజుకు రెండు గంటలు నడుపుకో. వరి వద్దు. పెసర్లు, కందులు పెట్టుకో. దీని కడుపు చిన్నది," అన్నాడు. మా నాయిన ఆ రాత్రి అన్నం తినకుండా ఆయన్ను తిట్టాడు గానీ, మాట మాత్రం విన్నాడు. పక్క చెల్కలాయన వినలేదు. అదే రాతిమీద బోరు వేసి వరి నాటాడు. బోరు ఎండిపోయి, పొట్టకొచ్చిన వరిని చివరికి పశువులు మేశాయి. మా బోరు ఇప్పటికీ పోస్తుంది. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చుని, అబద్ధాలకు మెరుగు పెట్టుకుంటున్న నేను, ఆ వరి గతి చూశాక వారం తిరక్కుండా గార్ల పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"ఏం వస్తది నీకు?" అన్నాడు.

"మాటలొస్తయి సార్."

"నాకు మూగోడు గావాలె," అన్నాడు. అయినా ఉంచుకున్నాడు.

రెండేళ్ళు ఆయన వెనక తిరిగాను. బయ్యారం వైపు ఇనుపరాయి నేలలో తిరిగి తిరిగి నా ఒంట్లో ఎంత ఇనుము చేరిందంటే, దిక్సూచి దగ్గరికి పోతే ముల్లు ఉత్తరాన్ని వదిలేసి నా వైపు తిరిగేది. ఆయన నేర్పిన విద్యలో ఒక నియమం మాత్రం నాకు కొరుకుడు పడలేదు. కొలత తప్పిపోతే ఆ గడి ఖాళీగా వదలాలి. ముందూ వెనకా అంకెలు చూసి మధ్యది ఊహించి వేయకూడదు. ఆయన కాగితాల్లోనే ఖాళీ గడులు ఉండేవి. వాటి పక్కన చిన్నగా "తేలు వచ్చింది, లేచిన" అనో, "నిద్ర పట్టింది, తప్పు నాది" అనో రాసి ఉండేది. నేను నవ్వాను ఒకసారి.

"నిద్రపోయిన అని ఎవలన్న రాసుకుంటరా సార్? ఒక అంకె వేస్తే అయిపోయె."

ఆయన తీగ చుట్టడం ఆపాడు. "ఒరే ఉప్పలయ్యా, కోస్తాల నేను నోరు తెరిస్తె నవ్వెటోళ్ళురా. గిది అంటె నవ్వుడు, గట్ల అంటె నవ్వుడు. సినిమాల జోకరు మాట్లాడినట్టున్నదనెటోళ్ళు. కాగితం మీది అంకె చదివితె మాత్రం ఎవ్వడు నవ్వకపోతుండె. అంకెకు యాస ఉండదురా. గదొక్కటే నాకు ఇజ్జత్ ఇచ్చింది. దాన్ని ఖరాబు జెయ్యకు."

అసలు సంగతి బయ్యారం నుంచి గార్ల పోయే దారిలో ఒక ఊళ్ళో జరిగింది. ఊరి పేరు చెప్పను. ఆ ఊరికి కొత్త బోరు పడింది. దాని నీళ్ళకు ట్యాంకు కట్టాలి. కట్టడానికి సర్పంచుకు నచ్చిన జాగా పోచవ్వది. ఆ జాగాలో పోచవ్వ మామ తవ్విన పాత బాయి ఉంది. వెడల్పాటి రాతి కట్టు, దిగడానికి మెట్లు. ఎండాకాలంలో కూడా మోకాలి లోతు నీళ్ళు ఉండేవి. ఎక్కువా కావు, ఎండిపోవు. బోరు నిలుస్తుందని తేలితే ఆ బాయిని పూడ్చి ట్యాంకు కడతారు. నిలవదంటే బాయి ఉంటుంది. అంతా మా కాగితం మీద ఉంది.

ఒక పగలు, ఒక రాత్రి మోటరు నడిచింది. రాత్రంతా కొలతలు సార్ తీశాడు. పొద్దున మోటరు ఆపాక అసలు పరీక్ష మొదలు. అదేరోజు ఆయన భార్యను మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. స్కూటరు తన్నుతూ నన్ను పిలిచాడు.

"పొద్దుగూకేదాక నీదే. చేస్తవా?"

"కన్ను ఆర్పను సార్."

"ఆర్పుకో. గడి ఖాళీ వదులు, అంతే."

రెండేళ్ళలో మొదటిసారి తీగ చుట్ట నా చేతికిచ్చి పోయాడు. మొదటి రెండు గంటలు నేను మహర్షిలా కూర్చున్నాను. మోటరు ఆపినప్పుడు నూట పన్నెండు అడుగుల కింద ఉన్న నీళ్ళు అరవై దాకా ఎక్కాయి. పరీక్షకు ముందు ఇరవై ఎనిమిది అడుగుల దగ్గర ఉన్నాయి. అక్కడికి తిరిగి చేరితే బోరు కింద నీళ్ళ విస్తీర్ణం పెద్దదన్నట్టు. మధ్యలో ఆగిపోతే, మనం తోడింది మూసిపెట్టిన కుండలోంచి అన్నట్టు. సరిగ్గా అప్పుడు సర్పంచు మనిషి వచ్చాడు. వాళ్ళింట్లో దావత్ అట. మేకపోతు కోశారట. "సార్ లేకపోతె నువ్వే సార్‌వి, రా అన్నా," అన్నాడు. నన్ను సార్ అన్నది నా జన్మలో అదే మొదలు.

మేకపోతు ఏనుగంత ఉంది. ఈతకల్లు కుండలు వరసగా వాకిలి దాటి పొలిమేర దాకా ఉన్నాయి. నేను చెప్పిన ప్రతి అబద్ధానికీ పంక్తి పంక్తంతా పొట్ట పట్టుకుని నవ్వింది. లేవబుద్ధి కాలేదు. కాగితం నా జేబులోనే ఉంది. మామిడిచెట్టు కింద, బొక్క కొరుకుతూ, మిగిలిన గడులు నింపాను. యాభై నాలుగు, నలభై తొమ్మిది, నలభై అయిదు, అలా దిగుకుంటూ చివరి గడిలో ఇరవై తొమ్మిది వేశాను. ఇరవై ఎనిమిది వేస్తే అనుమానం వస్తుందని నీళ్ళను ఒక అడుగు కిందే ఆపిన తెలివి కూడా నాదే.

పొద్దువాలాక బోరు దగ్గరికొచ్చి, ఒంట్లో మిగిలిన కాస్త సిగ్గు కోసం తీగ లోపలికి వదిలాను. బల్బు నలభై ఆరు దగ్గర వెలిగింది. పైకి లాగి మళ్ళీ వదిలాను. నలభై ఆరు. పావుగంట ఆగి చూశాను. నలభై ఆరే. నీళ్ళు అక్కడే కూర్చుని ఉన్నాయి. వాటికి ఇక పైకి వచ్చే ఉద్దేశం లేదు. ఉన్నది రాస్తే, దానికి ముందున్న అంకెలన్నీ నేను మామిడిచెట్టు కింద కన్న పిల్లలని తెలిసిపోతుంది. తీగ ఎక్కడో ఇరుక్కుందని నాకు నేను చెప్పుకున్నాను. నా అబద్ధాలను నా ఇంట్లోవాళ్ళే నమ్మరు. ఆ ఒక్కదాన్ని నేనే నమ్మేశాను. తీగ చుట్టేశాను.

మర్నాడు సార్ వచ్చాడు. ఆస్పత్రిలో గంటల తరబడి నిలబడి కళ్ళు గుంటలు పడ్డాయి. కాగితం చూసి, గీత గీసి, మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"గింత ముద్దుగ వచ్చిందేందిరా? రాయి గింత తిన్నగ నడ్వది."

"మంచి రాయి సార్."

"ఒక్క ఖాళీ కూడ లేదు."

"కన్ను ఆర్పనని చెప్పిన కద సార్."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో ఉన్నది అనుమానమైతే బాగుండేది. గర్వం. నా భుజం మీద చెయ్యేసి, "నాకు కూడ చేతగాలేదురా గిట్ల," అన్నాడు. సంతకం పెట్టాడు.

కాగితం సర్పంచుకు ఇవ్వడానికి పోతుంటే బాయి దగ్గర పోచవ్వ ఎదురొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, తట్ట పక్కన పెట్టి, సర్పంచును దాటుకుని సార్ ముందుకు వచ్చింది.

"గాళ్ళ మాట నాకొద్దు. నువ్వు చెప్పు సారూ. పూడ్చుమంటవా?"

"బోరు ఉంటదవ్వా."

"నువ్వే చెప్తున్నవు గద?"

"నేనే చెప్తున్న."

నేను పక్కనే ఉన్నాను. నాలుక తిప్పితే చాలు. ప్రపంచంలో ఉన్న ప్రతి విషయం మీదా రెండు గంటలు మాట్లాడగల నాలుక అది. పోచవ్వ తట్టెత్తి, మొదటి తట్ట మట్టి తనే పోసింది. అడుగున నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించింది. ఇది పెంచి చెప్పడం లేదు.

మరుసటి ఎండాకాలం సగం కూడా రాకముందే బోరు గాలి పోయడం మొదలుపెట్టింది. మోటరు తిరుగుతుంది, గొట్టం దగ్గుతుంది, బురద ఉమ్ముతుంది. కొత్త ట్యాంకు మీద పిచ్చుకలు గూడు పెట్టాయి. పోచవ్వ, ఆమె కొడుకు కలిసి బాయిని మళ్ళీ తవ్వడానికి చూశారట. ట్యాంకు పునాది అడ్డం వచ్చింది. ఒకనాడు పొద్దున సర్పంచు, నలుగురు మనుషులు, వెనక పోచవ్వ, గార్లలో సార్ ఇంటికి వచ్చారు. నేను గుమ్మం పక్కన స్కూటరు తుడుస్తున్నాను.

"కడుపునిండ పెట్టినం. గీ కాగితమా ఇచ్చేది?" అని సర్పంచు మీదికొచ్చాడు. "నూనె బాయిలు చూసినోడట! నీళ్ళ బాయి చూడరాదు!"

సార్ లోపలికి పోయి ఫైలు తెచ్చాడు. ఆ కాగితం తీసి చదివాడు. అంకె అంకె మీద వేలు పెట్టి, పై నుంచి కిందికి. చివరి గడి దగ్గర వేలు ఆగింది. నా వైపు చూస్తాడని స్కూటరు చక్రం వెనక్కి జరిగాను. చూడలేదు. "కడుపునిండ పెట్టినం" అన్న మాట ఆయన చెవిన పడింది. ఆ దావత్ నాడు ఆయన ఆ ఊళ్ళోనే లేడు, ఉన్నది నేను. అంతకంటే ఆయనకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"సంతకం నాది," అన్నాడు. "తప్పు నాది."

సర్పంచు ఇంకా అరిచాడు. పోచవ్వ అరవలేదు. కూర్చున్న వాకిలి మెట్టు మీద నుంచి లేస్తూ అన్నది, "నీ మాట మీద మట్టి పోసిన సారూ." అంత మాట అని పోయింది.

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పిలవలేదు. గార్ల సాంబయ్య కాగితం అంటే ఆ వైపు ఊళ్ళలో ఎగతాళి మాట అయింది. స్కూటరు వాకిట్లోనే నిలిచిపోయింది. నన్ను పొమ్మని ఆయన అనలేదు. నేనే పోయాను. భూపాలపల్లిలో దుకాణం పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళలో, రిటైర్మెంటు సభల్లో నవ్వించే మనిషిగా నాలుగు మండలాల్లో పేరొచ్చింది. 

కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు గార్ల పోయాను. సార్ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పాదాల దగ్గర కూర్చుని, దావత్ సంగతి, మామిడిచెట్టు సంగతి, నలభై ఆరు సంగతి, అన్నీ చెప్పేశాను. ఆయన అంతా విన్నాడు. "తెలుసురా," అన్నాడు. "నువ్వే వచ్చి చెప్తవని చూస్తున్న. ఇగ లే, పోదాం పా." ఇద్దరం బస్సెక్కి ఆ ఊరు పోయాం. పోచవ్వ ముందు నేను ఉన్నదంతా ఒప్పుకున్నాను. ఆమె నన్ను తిట్టాల్సినంత తిట్టింది. తర్వాత సార్‌కు చెంబుతో మజ్జిగ ఇచ్చి, "నీ మీద అనరాని మాట అన్న సారూ, మనసుల పెట్టుకోకు," అన్నది. ఆయన మజ్జిగ తాగి మూతి తుడుచుకుని నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

ఇక చేట కింద పెట్టండి. స్కూటరు, మేకపోతు, ఎండ, ఇనుము, వీటన్నిటి కిందా ఒక గింజ నిజం ఉంది. నేను వాటిని ఊది పెంచాను, అంతే. కొత్తగా పుట్టించింది ఒక్కటే, మీరు ఇప్పుడే చదివినది. సార్ ఒప్పుకోలు వినలేదు. బస్సు ఎక్కలేదు. పోచవ్వ మజ్జిగ ఇవ్వలేదు. ఇచ్చేందుకు ఆ ఊళ్ళో ఆమె లేదు, కొడుకుతో ఎటో వలస పోయింది.

గార్ల పోయిన మాట మాత్రం నిజం. నులకమంచం నిజం. నేను చెప్పడానికే పోయాను. కూర్చోగానే దుకాణం కబుర్లు మొదలుపెట్టాను. ఆయన నవ్వాడు. ఇంకొకటి చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం అంతకుముందు చూడలేదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, నవ్వు ఆపి, నా మొహంలోకి చూశాడు.

"ఉప్పలయ్యా, ఇంకేమన్న చెప్పేదున్నదారా?"

"మస్తున్నయి సార్," అని ఇంకో జోకు ఎత్తుకున్నాను.

ఆయన నవ్వలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నేను ఆపుతానేమోనని చూస్తూ కూర్చున్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. ఇప్పటికీ సభలో నేను మాట్లాడుతుంటే, అందరూ నవ్వుతుండగా ఎవరో ఒకరు నవ్వు ఆపి నావైపు చూస్తారు. అప్పుడు నా గొంతు పెరుగుతుంది, చేతులు ఎక్కువ తిరుగుతాయి. ఆరోజు గార్లలోనూ అంతే. నేను ఆపలేదు. బస్సు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.